ఛాయాచిత్రమునకు దిక్కు
1845లో వాల్టర్ ఎలియట్ అమరావతి స్తూపమును త్రవ్వించి, శిలాఫలకములను మద్రాసునకు చేర్పించెను. 1858లో లిన్నేయస్ ట్రైప్ అచ్చటనే వానికి ఛాయాచిత్రములు తీసెను. వానియందు శిల్పము స్పష్టముగా కనబడును. కాని ఏ ఫలకము స్తూపమున కే దిక్కున నుండెనో ఆ చిత్రములు చెప్పజాలవు. 1877లో త్రవ్వించిన రాబర్ట్ సూయెల్ రాళ్లు దొరికిన తావులను గుర్తించి వ్రాసియుంచెను. 1880లో ప్రభుత్వాజ్ఞచే స్తూపస్థలమంతయు త్రవ్వివేయబడగా, అట్టి గుర్తుల విలువ తెలియవచ్చెను.

ఈ పాఠము బెంగుళూరునకును వర్తించును. ఇచ్చటి కోటలో ఢిల్లీ ద్వారమును, దాని చేరువ కొంత భాగమును మాత్రమే మిగిలియున్నవి. ఛాయాచిత్రము తీయువారు ప్రతి చిత్రమునకు సంఖ్య నిచ్చి, తాము నిలిచిన తావును పటముపై చుక్కతోను, చూచిన దిక్కును బాణపుగుర్తుతోను సూచించి, తేదీ వ్రాయవలెను. కట్టడము పోయిన పిదప ఆ చిత్రమునకు నెలవు చూపగలది ఆ గుర్తే.