అవ్వ పేరు ఏ కాగితంలో ఉంది?



మన కొడంగల్ పల్లెల్లో కూలి చేసుకుని బతికే ఒక అక్క తన వంశం తెలుసుకోవాలనుకుంటే ఎక్కడ వెతకాలి?

మొదటి చిక్కు ఊరిదే. 1956 దాకా కొడంగల్, తాండూరు తాలూకాలు గుల్బర్గా జిల్లాలో ఉండేవి. తెలుగు రాష్ట్రంలో కలిసినప్పుడు కొడంగల్ మహబూబ్‌నగర్‌కు, తాండూరు హైదరాబాద్ జిల్లాకు పోయాయి. 2016లో రెండూ వికారాబాద్ జిల్లాలోకి వచ్చాయి. ఊరు కదల్లేదు, జిల్లా పేరు మాత్రం మారింది. నిజాం కాలపు రెవెన్యూ కాగితాలేమో ఉర్దూలో ఉంటాయి.

రెండో చిక్కు భూమి. సేత్వార్‌లోనైనా, 1954–55 నాటి ఖాస్రా పహాణీలోనైనా ఉండేది పట్టాదారులు, భూమి సాగులో ఉన్నవారి పేర్లే. గుంట భూమి కూడా లేనివారి పేరు అందులో ఎందుకుంటుంది? అందునా ఆడబిడ్డ పెళ్లయితే ఇంటిపేరు మారుతుంది. సేడం వైపో గుర్మిట్కల్ వైపో ఇస్తే భాష కూడా మారుతుంది. బాప్తిస్మమప్పుడు పోచమ్మ మరియమ్మ అయితే పాత పేరు ఇంట్లోవాళ్లే మరచిపోతారు. అందుకే తండ్రి తాత పేరు చెప్పేవాళ్లు కూడా తల్లి అవ్వ పేరు అడిగితే ఆగిపోతారు.

అయితే పేదవారి పేరు రాసిన పుస్తకం ఒకటుంది. అది సంఘపు బాప్తిస్మ రిజిస్టరు. మన ప్రాంతం కాకపోయినా ఒంగోలు సంగతి చూడండి. 1866లో యెర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య నాగమ్మ కలిసి బాప్తిస్మం పొందారు. మరుసటి సంవత్సరం జనవరి 1న అక్కడ ఎనిమిదిమందితో సంఘం మొదలైంది. 1878 జూలై 3న, కరువు కాలపు చివర, గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అంత జనంలోనూ పేర్లు చదువుతుండగా ఒక్కొక్కరుగా నీళ్లలోకి దిగారు. ఊరు లెక్కచేయని మనుషుల్ని సంఘం పేరు పెట్టి పిలిచింది.

వాక్యంలోనూ ఇది చూస్తాం. రూతు గ్రంథం చివర పెరెసు నుండి దావీదు వరకు పదిమంది పురుషుల పేర్లే ఉన్నాయి. రూతు కథ చెప్పిన పుస్తకంలోని వంశావళిలోనే రూతు పేరు లేదు! మత్తయి సువార్తలో మాత్రం తామారు, రాహాబు, రూతు, ఊరియా భార్య కనిపిస్తారు. మన రక్షకుని వంశంలో వారికి చోటు దొరికింది. పౌలు తిమోతికి రాస్తూ అవ్వ లోయిని, తల్లి యునీకేను పేరుపెట్టి జ్ఞాపకం చేశాడు. తిమోతి విశ్వాసం ముందుగా ఉన్నది ఆ ఇద్దరిలోనే.

ప్రియులారా, మీ ఇంట్లో అవ్వ ఉంటే ఈ వారమే ఆమె దగ్గర కూర్చోండి. ఆమె పుట్టినిల్లు ఏ ఊరు, తల్లి పేరేమిటి, ఆ తల్లి తల్లి పేరేమిటి, మొదట ఎవరు ప్రభువును నమ్ముకున్నారు, బాప్తిస్మానికి ముందు ఏ పేరుండేది అని అడగండి. చెప్పింది చెప్పినట్టు మీ బైబిలు మొదటి ఖాళీ పేజీలో రాయండి. రిజిస్టరు పాడైపోవచ్చు, చెదలు పట్టవచ్చు. అవ్వ కన్నుమూస్తే ఆమెకు తెలిసిన నాలుగు తరాలు ఆమెతోనే సమాధికి పోతాయి.

జీవగ్రంథంలో ఆమె పేరు ప్రభువే రాస్తాడు. ఇంటి బైబిల్లో రాయవలసింది మనమే.

ప్రభువు మీ ఇంటివారిని తరతరాలు దీవించునుగాక. ఆమేన్.