గోడ విడిచిన ఇడిసింగ్: సవర బొమ్మల సేకరణకు ఐనూ పాఠం

సీతంపేట ఏజెన్సీలో ఒక సవర పెద్దాయనకు గుడ్డ మీద వేసి అమ్మే బొమ్మ చూపించాను. "బొమ్మ బాగుంది" అన్నాడు. మరి మీ ఇంటి గోడ మీదదో అని అడిగాను. "అది బొమ్మ కాదు బాబూ, ఇడిసింగు." ఈ వ్యాసానికి ఆ మాటే మొదలు.

సవరలో 'ఇడ్' అంటే రాయడం, గీయడం. 'సింగ్' అంటే ఇల్లు. ఒడిశా వైపు వినిపించే 'ఇడితాల్'లో రెండో సగం గోడ. అంటే ఆ పనికి పేరు పెట్టినప్పుడే ఇంటినీ గోడనూ అందులో కలిపేశారు. ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండి కలిపిన నీళ్లతో, కొస నలిపిన పుల్లతో ముందు నలుపలకల చట్రం గీస్తారు. మనం దాన్ని అంచు అనుకుంటాం. వాళ్లకది ఇల్లు. లోపల మనుషులు, ఏనుగులు, గుర్రాలు, సూర్యచంద్రులు. ఇంట్లో జబ్బు చేసినా, పంట చేతికొచ్చినా, చనిపోయిన పెద్దలు కలలో అడిగినా గోడ మీద రాయిస్తారు. పూజ చేసి పిలిస్తే ఆ పెద్ద వచ్చి ఆ చట్రంలో ఉంటాడు. గుడ్డ మీదికి చేరిన బొమ్మలో గీతలన్నీ ఉన్నాయి, రావలసినవాడు లేడు.

ఈ విషయంలో నా తగవు మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్‌తో. 1951లో ఆయన మధ్యభారత గిరిజన కళ మీద వెలువరించిన పుస్తకం సవర గోడరాతలను ప్రపంచానికి చూపింది. ఆ రాతల్లోకి విమానాలు, సైకిళ్లు కూడా వచ్చాయని గమనించిన చూపు ఆయనది. కానీ అచ్చుకాగితం మీదికి ఎక్కగానే అవి 'కళ' అన్న ఒకే గంపలో మిగతా తెగల ముసుగులు, దువ్వెనల పక్కన కూర్చున్నాయి. ఆ తరవాతి సేకర్తలందరూ ఆ గంపలోంచే ఏరుకున్నారు. 1955 నాటి పుస్తకంలో ఎల్విన్ పూజల వివరం విస్తారంగా ఇచ్చిన మాట నిజమే. అయితే సేకర్తలు పట్టుకున్నది మాత్రం మొదటి పుస్తకాన్నే.

గోడ పోగొట్టుకున్న వస్తువు ఏమవుతుందో జపాన్ ఉత్తరాన హొక్కైదో దీవి ఆదివాసులైన ఐనూల ఇకుపసుయ్ చెబుతుంది. జానెడుకు కాస్త మించిన చెక్కుడు పుల్ల అది. కొసను మద్యంలో ముంచి చుక్కలు చిలకరిస్తే మనిషి ప్రార్థనను కముయ్‌లకు, అంటే వాళ్ల దేవతలకు, చేరవేస్తుంది. హొక్కైదో వెళ్లిన పాశ్చాత్యులు మాత్రం తాగేటప్పుడు మీసం తడవకుండా ఎత్తిపట్టే పుల్ల అనుకున్నారు. మ్యూజియం చీటీల మీద కూడా 'మీసం పుల్ల' అనే రాశారు. ప్రార్థన మోసే వస్తువుకు ఇంతకంటే అన్యాయం ఉంటుందా? అక్కడితో అయిపోలేదు. ఆ పుల్లను ఆనించే గిన్నె, తుకి, ఐనూలు వర్తకంలో సంపాదించుకున్న జపాన్ లక్కపూత గిన్నె. (లక్క అంటున్నాను గానీ ఏటికొప్పాక బొమ్మలకు పట్టించే పురుగు లక్క కాదు, ఒక చెట్టు పాలు.) పాతవస్తువులు కొనేవాడు గిన్నెను జపాన్ అరలో, పుల్లను ఐనూ అరలో పెట్టాడంటే రెండూ అందంగానే ఉంటాయి. పూజ ఏ అరలోనూ ఉండదు.

దీనికి విరుగుడు హొక్కైదోలో నిబుతాని అనే ఐనూ గ్రామంలోనే పుట్టింది. నీల్ గోర్డన్ మన్రో అనే స్కాట్లండ్ వైద్యుడు ఆ ఊళ్లో ఉండి 1942లో అక్కడే పోయాడు. ఆయన సేకరించిన ఐనూ వస్తువులు ఎడిన్‌బరో మ్యూజియంలో ఉన్నాయి. అదే ఊళ్లో 1926లో పుట్టిన ఐనూ మనిషి కయానో షిగెరు, పండితులు వచ్చి తమ వస్తువులు పట్టుకుపోవడం కళ్లారా చూసి, తానే కూడబెట్టడం మొదలుపెట్టాడు. 1972లో ఊళ్లోనే మ్యూజియం తెరిపించాడు. వస్తువులతో ఆగలేదు. ముసలివాళ్ల కథలు టేపుల్లోకి ఎక్కించాడు, 1996లో ఐనూ నిఘంటువు వెలువరించాడు. నిబుతాని ఐనూ పనిముట్లలో 1,121 వస్తువులకు 2002లో జపాన్ ప్రభుత్వ గుర్తింపు దక్కింది.

మన్రో పుట్టిన 1863లోనే మన ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో గిడుగు రామమూర్తి పుట్టారు. ఆయనను మనం వ్యావహారిక భాష కోసమే తలుచుకుంటాం. కానీ 1931 నాటి సవర భాషా గ్రంథం, 1938 నాటి సవర-ఇంగ్లీషు నిఘంటువు నా లెక్కలో సవరలకు దక్కిన తొలి మ్యూజియం. కయానో రెండు చేతులా చేసిన పనిలో సగం మన గిడుగు ముందే చేసి పెట్టారు. మిగతా సగానికి, అంటే వస్తువులు కూడబెట్టడానికి, పూనుకున్న వాళ్లు గిడుగు పుస్తకం తెరిచిన జాడ నాకు కనబడలేదు. భాష తెలియకుండా పోగుచేసిన సవర వస్తువు ఏదైనా సరే, సేకరణ కాదు, సామాను.

గుడ్డబొమ్మలు అమ్ముకుని సవర పిల్లలు నాలుగు డబ్బులు చూస్తున్నారు, దాన్ని నేను కాదనను. ఆ బొమ్మకు ఇడిసింగ్ అని పేరు పెట్టడమే వద్దంటున్నాను. ఇకమీద మ్యూజియానికి తెచ్చే ప్రతి సవర బొమ్మ చీటీ మీదా కొలతల కంటే ముందు సవర మాటలో నాలుగు సంగతులు ఉండాలి: ఎవరింటి గోడ, ఏ పెద్ద కోసం, ఎందుకు రాయించారు, ఆ గోడను మళ్లీ ఎప్పుడు అలికారు.