షెఫీల్డు సానశాలలు

ఇంగ్లండున యార్క్‌షైరు మండలమందలి షెఫీల్డు పట్టణము కత్తులకును కత్తెరలకును శతాబ్దములుగా ప్రసిద్ధి గాంచినది. పోర్టరు, రివెలిను, లాక్స్‌లీ యను చిన్న యేళ్ల యొడ్డున మొదట జలచక్రములచేతను, పదునెనిమిదవ శతాబ్దాంతమునుండి ఆవిరియంత్రములచేతను తిరిగిన ఇసుకరాతి సానలయెదుట, గుఱ్ఱమెక్కినట్లు పీటకు ఇరువైపుల కాళ్లుంచి వంగి కూర్చుండి, ఉక్కునకు పదును తెచ్చిన శ్రామికులు ఆ ప్రసిద్ధికి తమ యూపిరినే మూల్యముగా చెల్లించిరి.

వారిని వెన్నంటిన అపాయములు రెండు. లోపలి పగులు కంటికి కానరాని రాయి, వడిగా తిరుగుచుండగా హఠాత్తుగా బ్రద్దలై యెదుటివానిని హతమార్చుట యొకటి. రాతిరజము ఊపిరితిత్తులలో నిండి మెల్లమెల్లగా క్షీణింపజేయుట రెండవది. కత్తులను తడిసానపై పట్టువారికంటె ముళ్లచెంచాలను పొడిసానపై పట్టువారికి ఈ రెండవ యాపద ఘోరతరము. పొడిసానవారి సగటు ఆయువు 35 యేండ్లకు మించదనియు, తడిసానవారు 45 దాటుట అరుదనియు ఆ నగర వైద్యుడు నైటు చెప్పినదానిని జర్మను సామ్యవాద రచయిత ఎంగెల్సు 1845లో తన గ్రంథమున ఉదాహరించెను.

నివారణోపాయము లేకపోలేదు. షెఫీల్డువాసి జాన్ హెన్రీ ఏబ్రహాం అయస్కాంతములతో ఉక్కురజమును పట్టు సాధనమును 1820 ప్రాంతముననే కల్పించెను. అది రాతిధూళిని ఆకర్షింపజాలదు. అయినను ఇట్టి సాధనములను పనివారు నిరాకరించుటకును, కొన్నిచోట్ల ధ్వంసము చేయుటకును వేరొక హేతువు కలదు. ఆయువు పెరిగినచో పనివారి సంఖ్య పెరిగి కూలి పడిపోవునని వారు భయపడిరి. అల్పాయువుకే హెచ్చు కూలి ముట్టుచుండిన వృత్తిలో ఆ భయము నిరాధారమని యెవ్వరు చెప్పగలరు?

బ్రిటనులో 1867 నాటి చట్టము ధూళిని తొలగించు పంకాలను పెట్టింప ఇన్‌స్పెక్టరుకు అధికార మొసగెను. 1891లో అమెరికాలో ఏచెసన్ కార్బొరండమను కృత్రిమ రాపిడిపదార్థమును కనుగొనిన పిమ్మట అట్టివానితో చేసిన చక్రములు క్రమముగా ఇసుకరాతి స్థానము నాక్రమించినవి. ఇసుకరాతినుండి లేచు సిలికా ధూళి తగ్గెను గాని, వేగము పెరుగగా చక్రము పగులు భయము నిలిచెను. మన దేశపు 1948 ఫ్యాక్టరీల చట్టము 30వ సెక్షను, ప్రతి గ్రైండింగు యంత్రముచెంత గరిష్ఠ సురక్షితవేగమును తెలుపు ప్రకటన నుంచవలెనని శాసించినది. బ్రిటనులో 1970 నాటి నిబంధనలు, శిక్షణ పొంది సమర్థుడై నియుక్తుడైనవాడు తప్ప అన్యుడు చక్రమును బిగింపరాదనినవి. చక్రముపై ముద్రించిన వేగమును చదువుట, మెల్లగా తట్టి నాదమునుబట్టి పగులు కనిపెట్టుట, ఫ్లాంజీలను సరిగా కూర్చుట, టూల్ రెస్టును సవరించుట ఆ విద్యలోని పాఠములు.

పంకా గాని, కవచము గాని, శిక్షణ గాని, కూలికి లోపము రాదను భరోసాతో వచ్చిననాడే పనివాడు వానిని తనవిగా స్వీకరించునని షెఫీల్డు చరిత్ర బోధించుచున్నది. కావున నేర్చుకొను గంటలకును పూర్తి కూలి నిచ్చుట యజమాని ధర్మము. ఆ ధర్మము లోపించినచోట ఎంతటి చట్టమైనను సానశాల గడప దాటనేరదు.