లిథియం అయాన్ బ్యాటరీల రవాణా పరీక్షలు

లిథియం అయాన్ సెల్ గానీ, అలాంటి సెల్స్ కూర్చిన బ్యాటరీ గానీ కర్మాగారం గేటు దాటి విమానమో ఓడో ఎక్కాలంటే ముందుగా దాని నమూనాలు నెగ్గవలసిన పరీక్షలను యూఎన్ 38.3 అంటారు. ఐక్యరాజ్యసమితి పరీక్షలు, ప్రమాణాల మాన్యువల్‌లోని 38.3 ఉపవిభాగం వల్ల ఆ పేరు వచ్చింది. ప్రమాదకర సరుకుల్లో ఈ బ్యాటరీలది తొమ్మిదో తరగతి. విడిగా పంపితే యూఎన్ 3480, పరికరంలో అమర్చి గానీ పరికరంతో కలిపి గానీ పంపితే యూఎన్ 3481 అనే సంఖ్య కిందికి వస్తాయి.

తిరుపతి, తిరుచానూరు, రేణిగుంట వాసులకు ఇది ఎక్కడో దూరాన ఉన్న వ్యవహారం కాదు. 2015లో తిరుపతిలో రెండు ఎలక్ట్రానిక్స్ తయారీ క్లస్టర్లు ఏర్పడ్డాయి. వాటిలో ఒకదానిలో చెన్నైకి చెందిన మునోత్ ఇండస్ట్రీస్ రూ.165 కోట్లతో లిథియం సెల్ కర్మాగారం నెలకొల్పింది. 2022 సెప్టెంబరు 16న అప్పటి కేంద్ర సహాయమంత్రి రాజీవ్ చంద్రశేఖర్ అక్కడ ప్రయోగాత్మక ఉత్పత్తిని ప్రారంభించారు. దేశంలో ఇదే మొదటి లిథియం సెల్ కర్మాగారమని కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. పవర్ బ్యాంకుల్లో వాడే 10 ఆంపియర్-అవర్ సెల్స్ రోజుకు 20,000 చేయగల సామర్థ్యం దానిది. ఒక్కో సెల్‌కు సుమారు 3.7 వోల్టులు వేసుకుంటే 37 వాట్-అవర్లు అవుతుంది. ఈ లెక్క ముఖ్యం. 20 వాట్-అవర్లకు లోబడిన సెల్స్‌కు ప్యాకింగ్, పత్రాల విషయంలో సడలింపులున్నాయి. 37 వాట్-అవర్ల విడి సెల్‌కు అవి వర్తించవు, తొమ్మిదో తరగతి నిబంధనలన్నీ పాటించాల్సిందే. 38.3 పరీక్ష మాత్రం చిన్నదానికైనా పెద్దదానికైనా తప్పదు.

ఇంత పట్టుదల ఎందుకంటే, సెల్ లోపల మండే ద్రవం ఉంటుంది. రెండు ధ్రువాలనూ వేరుచేసేది పలచని పొర ఒక్కటే. ఆ పొర చిరిగినా కరిగినా లోపలే షార్ట్ సర్క్యూట్ అవుతుంది. ఆ వేడి మరింత వేడిని పుట్టిస్తుంది, పక్క సెల్‌కు పాకుతుంది. 2010 సెప్టెంబరు 3న దుబాయ్‌లో లిథియం బ్యాటరీలున్న యూపీఎస్ సరుకు విమానం మంటలు చెలరేగి కూలి, ఇద్దరు పైలట్లూ చనిపోయారు.

పరీక్షలు మొత్తం ఎనిమిది. మొదటి అయిదూ అవే నమూనాల మీద వరసగా జరపాలి. దారిలో బ్యాటరీకి ఎదురయ్యే కష్టాలూ ఒకదాని తర్వాత ఒకటి అదే బ్యాటరీ మీద పడతాయి కాబట్టి ఈ నియమం ఎంతో సబబైనది. మొదటిది ఎత్తు పరీక్ష: 11.6 కిలోపాస్కల్ పీడనంలో, అంటే దాదాపు 15 కిలోమీటర్ల ఎత్తున ఉండేంత పలచని గాలిలో, కనీసం ఆరు గంటలు ఉంచుతారు. రెండోది వేడి పరీక్ష. 72 డిగ్రీల సెల్సియస్‌లో ఆరు గంటలు, అరగంటలోపే మార్చి మైనస్ 40 డిగ్రీల్లో ఆరు గంటలు, ఇలా పదిసార్లు. మే నెల ఎండలో రేణిగుంట దగ్గర ఆగిన మూసిన లారీని తలచుకుంటే పై హద్దు అంత ఎందుకు పెట్టారో తెలుస్తుంది. మూడోది కంపనం: ఒక్కో దిశలో మూడు గంటల చొప్పున మూడు దిశల్లో. నాలుగోది కుదుపు: చిన్న సెల్స్‌కు గురుత్వాకర్షణకు 150 రెట్ల తాకిడి, మొత్తం 18 సార్లు. ఈ నాలుగింటిలో కారకూడదు, ఆవిరి వదలకూడదు, పగలకూడదు, మండకూడదు. వోల్టేజీ ముందున్నదానిలో 90 శాతానికి తగ్గకూడదు.

అయిదోది బయటి షార్ట్ సర్క్యూట్. సుమారు 57 డిగ్రీల దగ్గర జరిపే ఈ పరీక్షలో పైతొడుగు 170 డిగ్రీలు దాటరాదు. ఆరోదానిలో లావుపాటి గుండ్రటి సెల్ మీద అడ్డంగా కడ్డీ పెట్టి 9.1 కిలోల బరువును 61 సెంటీమీటర్ల పైనుంచి వదులుతారు. పౌచ్, పలక ఆకారపు సెల్స్‌నైతే 13 కిలోన్యూటన్ల బలంతో నొక్కుతారు. ఏడోది ఓవర్‌ఛార్జింగ్, ఎనిమిదోది బలవంతపు డిశ్ఛార్జి.

కొత్త సెల్‌ను పరీక్షకు పంపాలన్నా రవాణా చేయాలి కదా! అందుకే నమూనాలకూ, వందకు మించని ఉత్పత్తికీ ప్రత్యేక షరతులతో మినహాయింపు ఇచ్చారు. పరీక్ష నెగ్గాక ఫలితాల సారాంశ పత్రాన్ని అందుబాటులో ఉంచడం 2020 జనవరి 1 నుంచి తప్పనిసరి. 2016 ఏప్రిల్ 1 నుంచి విడి లిథియం అయాన్ బ్యాటరీలను ప్రయాణికుల విమానాల్లో సరుకుగా పంపడం నిషేధం. సరుకు విమానాల్లో పంపినా ఛార్జి 30 శాతం మించరాదు. తిరుచానూరు అమ్మవారి దర్శనానికి రేణిగుంట విమానాశ్రయంలో దిగే యాత్రికుడి పవర్ బ్యాంకు చేతిసంచిలోనే ఉండాలి, 100 వాట్-అవర్లు దాటితే ముందే విమాన సంస్థ అనుమతి తీసుకోవాలి.

38.3 పరీక్షను వాడకంలో భద్రతకు హామీగా పొరబడే వాళ్లు చాలామంది. వాడకానికి ఐఎస్ 16046, విద్యుత్ ద్విచక్ర వాహనాలకు ఏఐఎస్ 156 వంటి ప్రమాణాలు వేరే ఉన్నాయి. 38.3 డిజైనుకు పెట్టే పరీక్ష, తయారయ్యే ప్రతి సెల్‌కూ కాదు. శక్తి సామర్థ్యం 20 శాతానికి మించి మారితే మళ్లీ పరీక్షించాలి. విప్పి మరమ్మతు చేసిన ప్యాక్‌కు పాత పత్రం చూపించడం మోసమే.

ఉబ్బిన, నలిగిన, వేడెక్కి పొగ వచ్చే ప్రమాదమున్న బ్యాటరీని విమానంలో పంపడం పూర్తిగా నిషేధం. మీ ఫోన్ బ్యాటరీ ఉబ్బితే మామూలు పార్సిల్‌లా కొరియర్‌లో వేయకండి. లోపల ఉన్నదేమిటో చెప్పకుండా పంపే ఆ ఒక్క పెట్టె ముందు ఎనిమిది పరీక్షలూ పనికిరావు.