కేలరీల పద్దు

కేలరీల లెక్కకు చరిత్ర ఏమిటి, అది వైద్యులు చూసుకోవలసిన విషయం కదా అని కొందరు పాఠకులు అనుకోవచ్చు. మొన్నమొన్నటి దాకా నేనూ అలాగే అనుకున్నాను. తెలుగు పాఠం చెప్పుకునే నన్ను ఈ విషయంలోకి దింపింది ఒక చిన్న పొరపాటు.

డాక్టరు సలహామీద కిందటేడు నేను మణికట్టుకు ఒక పట్టీ కట్టుకున్నాను. ఎన్ని అడుగులు వేశానో, గుండె ఎంత వేగంగా కొట్టుకున్నదో అది లెక్కపెట్టి, ఆ లెక్కను ఫోనులో ఉన్న కేలరీల యాప్‌కు పంపుతుంది. తిన్నది ఒక వైపు, ఖర్చయినది మరొక వైపు రాసే చిట్టా అది. రోజూ సాయంత్రం గంటసేపు నడిచి, ఆ నడకను నా చేతితో కూడా అందులో రాసేవాణ్ణి. ఆ పద్దు చూసుకుని రాత్రి మరో రెండు చపాతీలు ధైర్యంగా తినేవాణ్ణి. మూడు నెలలైనా బరువు తగ్గలేదు. చివరకు మా విద్యార్థి ఒకడు చూసి, "మాస్టారూ, మీ నడక రెండుసార్లు జమ అవుతున్నది" అన్నాడు. పట్టీ పంపిన అడుగుల్లో ఒకసారి, నేను రాసిన గంటలో మరొకసారి!

అతడు చెప్పిన మరో సంగతి ఇంకా ముఖ్యమైనది. మనిషి ఊరికే కూర్చున్నా శరీరం ఖర్చు చేస్తూనే ఉంటుంది. అరవై కిలోల మనిషికి అది గంటకు సుమారు 60 కేలరీలు. చురుగ్గా నడిస్తే సుమారు 240. అయితే ఆ 240లో కూర్చున్నప్పటి 60 కలిసే ఉన్నది. రోజువారీ ఖర్చులో యాప్ దాన్ని ముందే వేసుకున్నది. కనుక నడక వల్ల అదనంగా ఖర్చయినది 180 మాత్రమే. ఇంతకూ పొరపాటు యంత్రానిది కాదు. ఏది ఏ పద్దులో పడుతున్నదో అడగకుండా అంకెను నమ్మిన నాది.

ఆ తర్వాత ఈ అంకె ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకోవాలనిపించింది. తెలుసుకుంటూ పోతే, ఈ లెక్కను ఎవరు పెట్టారు, ఎవరి శరీరంమీద పెట్టారు, ఎవరికోసం పెట్టారు అన్న మూడు ప్రశ్నలు ప్రతి మలుపులోనూ ఎదురయ్యాయి.

మనిషి పని చేస్తే ఎంత ప్రాణవాయువు ఖర్చవుతుందో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లవోయిజే, సెగ్వాన్ అనే సహచరునితో కలిసి విప్లవం నాటి రోజుల్లోనే కొలిచాడు. కాయకష్టం చేసేవాడికి ఎక్కువ తిండి కావలసి ఉండగా అతనికే అది ఎందుకు కరువవుతున్నదని 1789 నాటి తన పరిశోధన పత్రంలోనే ప్రశ్నించాడు. ఆయన స్వయంగా రాజుగారి పన్నులు వసూలు చేసే గుత్తేదార్లలో ఒకడు! ఆ కారణంగానే 1794లో గిలటిన్ పాలయ్యాడు. ప్రశ్న మాత్రం మిగిలింది. కేలరీ అన్న కొలతను 1820 ప్రాంతంలో నికొలా క్లెమాన్ పారిస్‌లో ఆవిరి యంత్రాల గురించి ఉపన్యసిస్తూ వాడాడు. అంటే అది మొదట బొగ్గుకూ యంత్రానికీ పెట్టిన కొలత. మనిషికి అంటుకున్నది తర్వాతనే.

శరీరాన్ని యంత్రంగా చూస్తే, అది ఎంత తక్కువ బొగ్గుతో నడుస్తుందన్న ప్రశ్న యజమానికి సహజంగానే పుడుతుంది. ఇందుకు ఉదాహరణకోసం మనం దూరం పోనక్కర లేదు. 1876-78 కరువులో కర్నూలు, కడప, బళ్ళారి, నెల్లూరు జిల్లాలు అల్లాడుతుండగా, వైస్రాయి పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ సహాయపు పనుల్లో రాళ్ళు కొట్టే కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యమూ, పైన కొద్దిపాటి పైకమూ చాలునని తేల్చాడు. పౌను అంటే అర కిలోకు తక్కువే. మద్రాసు రాజధాని ఆరోగ్య శాఖాధికారి డాక్టర్ కార్నిష్ దాన్ని గట్టిగా వ్యతిరేకించాడు. పని చేసే శరీరానికి ఆ తిండి చాలదనీ, అది మెల్లగా చంపడమేననీ వాదించాడు. కొద్ది నెలలకు ప్రభుత్వం వెనక్కి తగ్గవలసి వచ్చింది. మైక్ డేవిస్ 2001లో ప్రచురించిన గ్రంథంలో టెంపుల్ కూలిని 1627 కేలరీలుగా లెక్కగట్టి, అది నాజీల బూఖెన్‌వాల్ట్ నిర్బంధ శిబిరంలో ఇచ్చిన తిండికన్న తక్కువని చూపాడు. పద్దు టెంపుల్ చేతిలో ఉన్నది, పలుగు కూలీ చేతిలో ఉన్నది!

ఇప్పుడు మన యాప్‌లు వాడే లెక్కలకు పునాది వేసినవాడు అమెరికన్ రసాయనాచార్యుడు ఆట్‌వాటర్. 1896 నుంచి మనుషుల్ని ఒక మూసిన గదిలో ఉంచి, కొన్నిసార్లు కదలని సైకిలు తొక్కించి, వారి శరీరాలు విడిచిన వేడిని ఆయన కొలిచాడు. గ్రాము పిండిపదార్థానికి 4, మాంసకృత్తులకు 4, కొవ్వుకు 9 కేలరీలన్న లెక్క ఆయనదే. తక్కువ ఖర్చుతో ఎక్కువ శక్తినిచ్చే తిండి కొనుక్కొమ్మని ఆయన కార్మికులకు బోధించాడు. బోధనలో దురుద్దేశం లేదు. అయితే వేతనం పెంచకుండానే కార్మికుని కడుపు నింపవచ్చునన్న మాట యజమానులకు ఎంత తీయగా వినిపించి ఉంటుందో ఊహించవచ్చు. ఇరవై రెండేళ్ళ తర్వాత, 1918లో, లులు హంట్ పీటర్స్ అనే వైద్యురాలు అదే కేలరీని బరువు తగ్గదలచిన మధ్యతరగతి స్త్రీలకు పుస్తకంగా అందించింది. ఒకే అంకె ఒకరికి ఇంతకన్న తగ్గరాదన్న హద్దు, మరొకరికి ఇంతకన్న మించరాదన్న హద్దు అయింది.

మన దేశంలో మొదటి హద్దే ప్రధానమైంది. కూనూరులో ఐక్రాయిడ్ 1937లో మన ధాన్యాలకూ పప్పులకూ పోషక విలువల పట్టికలు వేశాడు. ఆ సంస్థ 1958లో హైదరాబాదుకు తరలి నేటి జాతీయ పోషకాహార సంస్థ అయింది. 1979లో అప్పటి ప్రణాళికా సంఘం కార్యబృందం గ్రామాల్లో 2400, పట్టణాల్లో 2100 కేలరీలను దారిద్ర్య రేఖకు ఆధారంగా తీసుకున్నది. అంటే కేలరీ మనకు ఆకలి ముఖంతో పరిచయమైంది. చిట్టా ముఖం తర్వాత వచ్చింది.

అడుగుల లెక్క సంగతీ చూద్దాం. రోజుకు పదివేల అడుగులన్నది శాస్త్రం తేల్చిన సంఖ్య అని చాలామంది నమ్ముతారు. 1965లో జపానులో యమసా అనే సంస్థ 'మన్‌పొకెయ్' అనే అడుగుల మీటరును అమ్మకానికి పెట్టింది. ఆ పేరుకు 'పదివేల అడుగుల మీటరు' అని అర్థం. పేరే లక్ష్యమైంది! ఇక మణికట్టు పట్టీల విషయానికి వస్తే, స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు 2017లో ఏడు రకాలను పరీక్షించారు. ఆరు పట్టీలు గుండె వేగాన్ని దాదాపు సరిగానే కొలిచాయి. కాని కేలరీల దగ్గర అన్నిటికన్న మెరుగైనది సగటున 27 శాతం, అన్నిటికన్న అధ్వాన్నమైనది 93 శాతం తప్పింది.  అడుగుల లెక్కకు పట్టీ చూసేది ప్రధానంగా చేయి ఊపును. నెత్తిన తట్ట పెట్టుకుని, దాన్ని చేత్తో పట్టుకుని మెట్లెక్కే ఆడకూలీ చేయి ఊగదు. ఆమె శ్రమ ఈ పద్దులో తక్కువగా పడుతుంది. నా యాప్ జాబితాలో టెన్నిసు ఉన్నది, నాట్లు వేయడం లేదు.

లెక్క తప్పయినా అది నా ఫోనులోనే ఉన్నంతకాలం నష్టం రెండు చపాతీలే. అది యజమాని చేతికి పోతే ఏమవుతుందో అమెరికాలో వెస్ట్ వర్జీనియా ఉపాధ్యాయులు చూశారు. వారి ఆరోగ్య బీమాలో ఒక యాప్‌ను చేర్చి, అడుగులూ వ్యాయామమూ నమోదు చేసి పాయింట్లు తెచ్చుకోనివారు నెలకు 25 డాలర్లు అదనంగా కట్టాలన్నారు. అసలే చాలీచాలని జీతాలు. నిరసనల ఒత్తిడికి ఆ పథకాన్ని వెనక్కి తీసుకోవలసి వచ్చింది. ఆగ్రహం మాత్రం ఆగలేదు. 2018 ఫిబ్రవరి 22న మొదలైన సమ్మెతో 55 కౌంటీల్లోనూ బడులు మూతపడ్డాయి. మార్చి మొదటివారంలో 5 శాతం వేతన పెంపు సాధించుకునే వారు తరగతులకు తిరిగి వెళ్ళారు. వ్యాయామం చెడ్డదని వారు అనలేదు. తమ నడకకు తామే జవాబుదారులమనీ, దాన్ని జీతంలో కోతకు సాక్ష్యం చేయవద్దనీ అన్నారు.

కనుక పట్టీని విసిరివేయమని నేను అనడం లేదు. నేను ఇప్పటికీ కట్టుకుంటూనే ఉన్నాను. నడకను పట్టీకే వదిలి చేత్తో రాయడం మానేశాను. పట్టీకి తెలియని సైకిలు, బరువుల పనులను మాత్రం మొదలైన సమయమూ పట్టిన నిమిషాలూ వేసి రాస్తున్నాను. అది చూపిన కేలరీల్లో సగానికి మించి నమ్మడం లేదు. వారాల తరబడి బరువు ఎటు పోతున్నదో చూసుకుని లెక్కను సరిదిద్దుకుంటున్నాను. బరువు మెల్లగా తగ్గుతున్నది.

మన విద్యార్థులలో చాలామంది చేతులకు ఈ పట్టీలు ఉన్నాయి. రేపు ఉద్యోగాల్లో చేరినప్పుడు ఆ లెక్కను తమకిమ్మని అడిగేవారు ఎదురుకావచ్చు. కార్నిష్ టెంపుల్‌ను నిలదీసిన ప్రశ్నను అప్పుడు వారు వేయగలగాలి: ఈ కొలత ఎవరి శరీరానిది, దీని లాభం ఎవరికి? ఆ ప్రశ్న వేయడం తరగతి గదిలో నేర్పవలసిన బాధ్యత మనది.