శేరిగూడ పాతయిండ్లు

ఇంటి చరిత్ర యనగానే మనవారు కట్టించినవాని పేరడుగుదురు. గడీ యన్నచో ఏ దొరది? మిద్దె యన్నచో ఏ షావుకారుది? పేరు తెలిసినంతనే విచారణ ముగిసినట్లు తలంతురు. హైదరాబాదునుండి నాగార్జునసాగరమునకు బోవు బాటలో ఇబ్రాహీంపట్నమునకు చేరువనున్న శేరిగూడ వంటి యూళ్ల విషయమున ఈ ప్రశ్న యొక్కటియే చాలదు.

ఊరి పేరే చూడుడు. ప్రభువుగాని జాగీర్దారుగాని యితరులకు పట్టా చేయక తన స్వంత సేద్యమున నుంచుకొన్న భూమికి శేరి యని పేరు. గూడ యనగా చిన్న నివాసము. కావున పేరును బట్టి ఇది శేరి దున్నువారి గుడిసెలతో నారంభమైన యూరని యూహింపవచ్చును. ఇక ఇబ్రాహీంపట్నమున్నది; దానికి పేరిచ్చినవాడు 1550 మొదలు 1580 వరకు గోలకొండ నేలిన ఇబ్రాహీం కుతుబ్ షా. రాజ్యమునకు రాకముందు విజయనగరమున తలదాచుకొన్నవాడు. తెలుగు కవులచే మల్కిభరాముడని పిలిపించుకొన్నవాడు. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమునకు కృతిపతి. అచ్చటి పెద్దచెరువును గూడ ఆతని కాలమునకే చెప్పుదురు. చెరువుకట్టపై మన్ను మోసినవారి పేరొక్కటియు మనకు దక్కలేదు.

ఈ ప్రాంతపు పాతయింటి నిర్మాణమును గమనించినవారికి అది యెందరి చేతిపనియో తెలియును. గోడకు మన్ను త్రొక్కి, ఒక వరుస పెట్టి, అది యారినపిదప మఱియొక వరుస పెట్టవలెను. తొందరపడినచో గోడ కూలును. కలవారి యిండ్లకు రాయియు, గానుగలో ఎద్దులచేత నూరించిన డంగుసున్నమును వాడెడివారు. దూలములపై దంతెలు పఱచి, వానిపై మన్ను పోసి, వానకాలమునకు ముందు చౌడు చల్లిననే మిద్దె కురియకుండును. ఈ పని ఏటేట చేయవలసినదే. మిద్దె లేనివారికి కుమ్మరి చేసిన గూనపెంకు. అదియు లేనివారికి బోదకప్పు. వడ్డెర రాయి కొట్టెను, వడ్రంగి దర్వాజ చెక్కెను, కుమ్మరి పెంకు కాల్చెను. వీరిలో కొందఱికి మాత్రము ఆ దర్వాజ దాటి లోనికి బోవు నధికారము లేకుండెను. తాను కట్టిన యింటిలో తానే యంటరానివాడగుట మన దేశమున వింతగా తోచకపోవుటయే వింత.

లోపలికి బోదము. వాకిట అరుగు; అది పురుషులది. నడుమ ఆకాశము కానవచ్చు భవంతి, చుట్టును అర్రలు, వెనుక వంటయిల్లు, దొడ్డి. కలవారియింటి కోడలు తన దినమంతయు వెనుకటి భాగముననే గడిపెడిది. విధవరాలైనచో శుభకార్యపు దినమున చీకటియర్రయే యామెకు దక్కెడిది. చల్లని గోడలు, చక్కని స్తంభములు అని మనము మెచ్చుకొను నా యింటనే గాలి వెలుతురు లేని గదులెన్నియో యుండెను. వానిని గూర్చి మెచ్చుకొన్నవారు వ్రాయలేదు.

దొడ్డి ప్రక్కన పసుల కొట్టము. నేను ముఖ్యముగ చెప్పదలచినది దీనిని గూర్చియే. అప్పునకు బదులు ఏండ్ల తరబడి యొక్క యింటనే పనిచేయు జీతగాడు పసులతోపాటు పండుకొన్నది ఇచ్చటనే. నిజాము రాజ్యమున ఇట్టి వారిని భాగేలాలనిరి; వారి యొప్పందములను కట్టుబాటు చేయుటకు 1936లో నొక శాసనము వచ్చెను. నగరము చుట్టునున్న నిజాము స్వంత భూములు, సర్ఫెఖాసు, 1949లో ప్రభుత్వమున కలిసెను. ఆ యేడే జాగీరులును రద్దయ్యెను. గడీలకు కాలము చెల్లెనని యందఱు సంతసించిరి. కొట్టమునకు మాత్రము ఆ వార్త యందలేదు! 1976లో దేశమంతటికి వెట్టిచాకిరి నిర్మూలన చట్టము రాగా, అదియు కాగితముపై నున్నంత త్వరగా పల్లెకు చేరలేదు. 1980 తరువాతి దశాబ్దమున ఇబ్రాహీంపట్నం తాలూకా వ్యవసాయ కూలి సంఘము జీతగాండ్ర విడుదలకును, భూములకును పోరాడవలసివచ్చెను. ఆ పనిలో ముందు నిలిచిన గీతా రామస్వామి గారు తమ యనుభవములను 2022లో ఆంగ్లమున గ్రంథముగ వెలువరించిరి. ఇండ్ల చరిత్ర వ్రాయగోరువారు ఆ పుస్తకమును తప్పక చూడవలెను.

ఇప్పుడు శేరిగూడలో ఇంజనీరింగు కళాశాలలు వెలసినవి. రాజధాని పెరిగి వచ్చి నేల ధర మింటికెక్కినది. మట్టిగోడ కూల్చి కాంక్రీటు కట్టుకొనువారిని నేను తప్పుపట్టను. ఏటేట చౌడు చల్లుట యెట్టి పనియో చల్లినవారికే తెలియును. ఊరి బయట గుడిసెలలో నుండినవారి బిడ్డలు నేడు పక్కాయిండ్లలో నుండుట కంటె శుభమేమున్నది? పాత టేకు దర్వాజలు నగరపు వర్తకులు కొనిపోవుదురు. అవి యే ధనికుని ముంగిటనో యలంకారముగ నిలుచును. కొట్టమును మాత్రము కొనువాడు లేడు. పహాణీలో పట్టాదారు పేరుండును, పన్ను పుస్తకమున యజమాని పేరుండును. కొట్టమున పండుకొన్నవాని పేరు ఏ కాగితమునను లేదు.

కనుక కూల్చుటకు ముందు ఇంటి పటము గీయించుకొను గృహస్థులు, ముందరి భాగముతోపాటు కొట్టమును గూడ గీయింతురు గాక. 1976 నాటికి పదేండ్ల బాలుడై దొరయింట పసులు కాచినవానికి నేడు అరువది నిండుచున్నవి. పిలిచి యరుగుపై కూర్చుండబెట్టి యడిగినచో, తన గంజిముంత ఏ గోడగూటిలో విడిగా నుంచిరో ఆతడు వ్రేలితో చూపగలడు.