పదునాలుగు సీట్ల లెక్క

నిరుడు మా పాఠశాలలో పన్నెండవ తరగతి ముగించిన ఒక బాలిక వార్తాపత్రిక ముక్క నొకదానిని చేతబట్టుకొని నాయొద్దకు వచ్చినది. అందు ఇంజనీరింగు కళాశాలల కటాఫ్ మార్కులు వరుసగా అచ్చయి యుండెను. "నాకు రాదయ్యా, దరఖాస్తు పెట్టి లాభము లేదు" అన్నది. తెలుగు పండితుడనగు నాకు లెక్కలతో చెలిమి తక్కువ. అయినను ఆ మాట విన్నంతనే 1950 నాటి వ్యాజ్య మొకటి స్ఫురించినది.

అప్పటికి ఆంధ్ర జిల్లాలు మద్రాసు రాష్ట్రములోనివే. గుంటూరు పిల్లవాడును, మదురై పిల్లవాడును ఒకే ప్రభుత్వపు లెక్కలో నిలువవలసినవారు. ప్రభుత్వ వైద్య కళాశాలలు 4, వానిలో సీట్లు 330. ఇంజనీరింగు కళాశాలలు 4, సీట్లు 395. చూపునకు పెద్ద సంఖ్యలే. కాని 330లో 17 పరరాష్ట్రముల వారికి, 12 ప్రభుత్వ విచక్షణకు పోగా మిగిలినవి 301. వానిని మరల నాలుగు జిల్లా సముదాయములకు పంచిరి. అందు నూటికి ఇరువది స్త్రీలకు వేరుగా నుంచిరి. పిదప కమ్యూనల్ జీ.ఓ. ననుసరించి ప్రతి 14 సీట్లకు బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనుకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, ఆంగ్లో ఇండియనులకును భారతీయ క్రైస్తవులకును కలిపి 1, ముస్లింలకు 1. కావున 330 అను అంకె ఏ ఒక్క విద్యార్థి అవకాశమును తెలుపునది కాదు. తన జిల్లా, తన వర్గము కలిసిన ఆ చిన్న గడి మాత్రమే తెలుపును.

ఇంజనీరింగు కోరిన శ్రీనివాసన్‌కు ఐచ్ఛిక విషయములలో 450కి 369 మార్కులు వచ్చినవి, సీటు రాలేదు. వైద్యము కోరిన చంపకం దొరైరాజన్ దరఖాస్తే పెట్టలేదు. విచారించి, తనకు రాదని తెలిసికొని, నేరుగా హైకోర్టు కెక్కినది. 1951 ఏప్రిల్ 9న సుప్రీంకోర్టు ఆ జీ.ఓ. చెల్లదన్నది. ఆ యేడే రాజ్యాంగ ప్రథమ సవరణతో 15(4) చేరి వెనుకబడిన వారికి ప్రత్యేక ఏర్పాటు చేయుటకు దారి యేర్పడినది. తరతరములుగా బడి గడప తొక్కనీయబడని వారికి వాటా ఉంచుట తప్పని నేననను. ఆమెకు అంకె తెలిసి దరఖాస్తు మానినది. మా బాలిక అంకె తెలియక మానబోయినది. నా బాధ అది.

కటాఫ్ అనగా ముందుగా గీచిన గీత కాదు. గణితమునకు 100, భౌతిక, రసాయన శాస్త్రములకు చెరి 50, మొత్తము 200లో, ఆ యేడు ఆ శాఖలో చివరగా చేరినవాని మార్కు అది. ప్రశ్నపత్రము సులభమైన యేడు అది పైకి పోవును. సీట్లు పెరిగిన యేడు దిగును. తమిళనాడులో నూటికి 31 సీట్లు అందరికిని పోటీవి. వెనుకబడిన తరగతులకు ముస్లింల వాటాతో కూడ 30, మిక్కిలి వెనుకబడిన వారికి 20, షెడ్యూల్డు కులములకు 18, తెగలకు 1. వెనుకబడిన తరగతి విద్యార్థికి మంచి ర్యాంకు వచ్చినచో ఆ 31లోనే చేరవచ్చును. 30 తరువాతివారికి మిగులును. మన తెలుగు కుటుంబములలో పెక్కు ఈ జాబితాలలోనివే యైనను, పత్రికలో మొదటి నిలువు వరుస చూచి ఆగిపోవుదురు.

మా బాలికయు అంతే. పేరుమోసిన యొక కళాశాలలో ఒక్క శాఖకు, పోటీ వరుసలోని అంకెనే చదివినది. నేను జవాబు చెప్పక, తన వరుసను తననే వెదకుమంటిని. వ్రేలు పెట్టి చాలసేపు వెదకినది. మా ఊరికి ఇరువది మైళ్లలోని ఒక కళాశాలలో ఆమె కోరిన శాఖకే నిరుటి చివరి మార్కు తన మార్కుకంటె రెండు తక్కువ. గడువు ఇంకను మూడు దినములున్నది. ఆ మధ్యాహ్నమే తండ్రిని వెంటబెట్టుకొని కుల ధ్రువపత్రమునకై ఈ-సేవా కేంద్రమునకు పోయినది.